దేవుడికి లెక్క చెప్పిన రైతు

ఒరేయ్ సూరీ,

మొన్న ఫోన్లో "బాబాయికి అక్కడ పొద్దెలా పోతోందిరా" అని అడిగావు. చెప్పేలోపే మా బుడ్డోడు లేచి ఏడుపందుకున్నాడు, పెట్టేశాను. అందుకే తీరిగ్గా రాస్తున్నా.

పొద్దు పోవడమే కష్టంగా ఉందిరా. తెల్లారి అయిదింటికే లేస్తాడు. ఇంటి వెనకున్న జానెడు గడ్డి చుట్టూ నాలుగు ప్రదక్షిణలు చేసి, "ఇంత నేల పెట్టుకుని ఒక్క వంగ మొక్క వెయ్యలేదేంట్రా" అని నాకు చివాట్లు పెట్టి కూర్చుంటాడు. టీవీలో వార్తలు చూసి బీపీ పెంచుకుంటున్నాడని, శనివారం రాత్రి పాత సినిమా ఒకటి పెట్టాను. పేరు షెనాండోవా. 1965లో వచ్చింది, జేమ్స్ స్టూవర్ట్ హీరో. మేమున్న ఈ వర్జీనియాలోనే, మాకు రెండు గంటల దూరంలో ఉన్న లోయ కథ. నాన్నకి ఇంగ్లీషు అంతంతమాత్రమే కదా, పక్కన కూర్చుని నేను తెలుగులో చెప్తూ పోయాను.

అమెరికా అంతర్యుద్ధం రోజులు. బానిసత్వం గొడవ మీద ఉత్తరాది, దక్షిణాది రాష్ట్రాలు కొట్టుకుంటున్నాయి, వర్జీనియా దక్షిణాది వైపు. ఛార్లీ ఆండర్సన్ అని ఒక రైతు. భార్య చిన్నవాడి కాన్పులోనే పోయింది. ఆరుగురు కొడుకులు, ఒక కూతురు, ఒక కోడలు, అయిదొందల ఎకరాలు. బానిసలు లేరు, ఇంటిల్లిపాదీ రెక్కలు ముక్కలు చేసుకుని సాగు చేసుకుంటారు. మొదట్లోనే భోజనాల సీను ఉంది. ఈయనకి దేవుడి మీద పెద్ద గురి లేదు, భార్య కోరిందని ప్రార్థన చేస్తాడు. ఎలాగంటే, "స్వామీ, ఈ నేల బాగుచేసింది మేమే, దున్నింది మేమే, విత్తింది మేమే, కోసింది మేమే, వండింది మేమే. మేం గొడ్డుచాకిరీ చెయ్యకపోతే ఈ తిండి ఉండేదే కాదు. అయినా సరే, నీకు దండాలు" అని.

నాన్న తొడ మీద చరుచుకుని, "దండం పెడుతున్నాడా, కౌలు లెక్క అప్పజెబుతున్నాడా!" అని ఒకటే నవ్వు. ఆ సీను వెనక్కి తిప్పి మూడుసార్లు పెట్టించుకున్నాడు.

తర్వాత దక్షిణాది సైన్యం వాళ్ళు కొడుకుల కోసం వస్తారు. ఛార్లీ ఒప్పుకోడు. వీళ్ళు పసిగుడ్లుగా ఉన్నప్పుడు పాలివ్వడానికి మీ ప్రభుత్వం రాలేదే అంటాడు. నాన్న పూర్తిగా ఛార్లీ పార్టీ అయిపోయాడు.

నాకేమో అక్కడే పేచీ వచ్చింది. గేబ్రియల్ అని ఒక నల్ల కుర్రాడు ఉంటాడు, పక్క పొలంలో బానిస, ఛార్లీ చిన్నకొడుక్కి నేస్తం. ఈ చిన్నవాడు వాగులో దొరికిన దక్షిణాది సైనికుడి టోపీ ఒకటి సరదాగా పెట్టుకు తిరుగుతుంటే, ఉత్తరాది సైనికులు శత్రువనుకుని పట్టుకుపోతారు. ఆ కబురు పరిగెత్తుకొచ్చి చెప్పేది గేబ్రియలే. "ఇది మన గొడవ కాదు" అని ఛార్లీ అన్నంత తేలిగ్గా ఆ పిల్లాడు అనగలడా? నాన్నతో అదే అంటే, "పిల్లల్ని పంపమంటే తెలిసేది నీకు" అన్నాడు. ఇద్దరం కాసేపు మాట్లాడుకోలేదు. సినిమా కూడా ఆ పిల్లాడి సంగతి పైపైనే తేల్చేసింది, అది నాకు నచ్చలేదు.

కొడుకుని వెతకడానికి మిగతావాళ్ళు గుర్రాలెక్కుతారు. ఒక కొడుకూ కోడలూ పసిబిడ్డతో ఇంటి దగ్గర ఉండిపోతారు. నాన్న వెంటనే, "ఇద్దరే ఎంత పనని చేస్తారు? పశువుల సంగతేంటి?" అన్నాడు. చూడు, అందరూ యుద్ధం చూస్తుంటే ఈయన కొట్టం చూస్తున్నాడు. తర్వాత ఆ ఇంట్లో జరిగేది నేను రాయను, నువ్వే చూడు.

ఒక్క సీను మాత్రం చెప్పాలి. కాపలా ఉన్న కుర్రాడొకడు కంగారులో తుపాకీ పేలుస్తాడు, ఛార్లీ పెద్దకొడుకు అక్కడికక్కడే పోతాడు. ఛార్లీ వాణ్ణి గొంతు పట్టుకుని వయసెంతని అడుగుతాడు. పదహారు. తను వెతుక్కుంటున్న చిన్నవాడి వయసూ అదే. చంపకుండా వదిలేస్తాడు. నువ్వు ముసలివాడివయ్యేదాకా బతకాలి, బోలెడుమంది పిల్లల్ని కనాలి, వాళ్ళలో ఒకణ్ణి ఎవడైనా చంపిన రోజున నన్ను గుర్తుచేసుకోవాలి అంటాడు. దీవెనో శాపమో చెప్పడం కష్టం. నాన్న కళ్ళజోడు తీసి లుంగీ కొంగుతో తుడుచుకున్నాడు. నేను చూడనట్టే ఉన్నాను.

ఇంకో సంగతి తెలుసా, ఈ సినిమా వచ్చిన నాలుగేళ్ళకి, 1969లో, స్టూవర్ట్ పెంచిన కొడుకు వియత్నాంలో చనిపోయాడు. స్వయానా రెండో ప్రపంచయుద్ధంలో బాంబర్ విమానాలు నడిపినవాడాయన. ఇప్పుడు ఆ సీను చూస్తే వేరేగా ఉంటుందిరా.

లోపాలు లేకపోలేదు. రైలొకటి ఆపితే, యుద్ధానికెళ్ళి శత్రువులకి చిక్కిన అల్లుడు సరిగ్గా అందులోనే దొరుకుతాడు. మన సినిమాల్లో కూడా ఇంత సులువుగా దొరకరు.

ఆదివారం నాన్న ఆ లోయ చూడాలన్నాడు. సినిమా తీసింది ఇక్కడ కాదు, ఎక్కడో ఒరెగాన్‌లో అని చెప్పినా వినలేదు. డేటన్ అనే ఊరి దగ్గర గుర్రబ్బండి ఒకటి ఎదురైంది. అందులో వెళ్ళేది మెన్నొనైట్లని ఒక క్రైస్తవ శాఖవాళ్ళు, యుద్ధాలు చెయ్యకూడదన్నది వాళ్ళ మత నియమం. 1862లో అలాంటివాళ్ళు మనిషికి 500 డాలర్లు కట్టి సైన్యం తప్పించుకునే వీలుండేది. మరుసటేడు నుంచి పంటలో పదోవంతు దక్షిణాది ప్రభుత్వానికి తోలాలన్నారు. ఇంతా చేస్తే 1864 శరదృతువులో ఉత్తరాది సేనాని షెరిడన్ వచ్చి ఈ లోయలో రెండు వేలకు పైగా ధాన్యపు కొట్టాలూ, డెబ్బైకి పైగా పిండిమరలూ తగలబెట్టించాడు. ఈ లోయ మీద ఎగిరే కాకి కూడా తన మేత తనే మోసుకెళ్ళాలని పైఅధికారి గ్రాంట్ అన్నాడట. ఇది చెప్పగానే నాన్న కారాపమన్నాడు. దిగి, చేను గట్టున మట్టి తీసి వేళ్ళ మధ్య నలిపి చూసి, "కొట్టంలో ఉన్న గింజలు కూడానా?" అన్నాడు. అవునన్నాను. ఇంటికొచ్చేదాకా మళ్ళీ నోరు విప్పలేదు.

రాత్రి కంచం ముందు కూర్చుని మాత్రం చేతులు జోడించి, "స్వామీ, దున్నింది మేమే, విత్తింది మేమే, వండింది మేమే" అని మొదలుపెట్టాడు. అమ్మ గరిటె పట్టుకునే, "వండింది నేను. కానీయండి, పప్పు చల్లారిపోతోంది" అంది.

చెల్లాయిని అడిగానని చెప్పు. ఆ వంగ విత్తనాల పొట్లం ఎవరైనా వచ్చేవాళ్ళుంటే పంపగలవేమో చూడు, లేకపోతే ఈయనతో పడలేను.

నీ
రవి