అవార్డులేనా, ఆ పాట్ల సంగతి?

సంపాదకుల గారికి,

సత్యజిత్ రే తీసిన బెంగాలీ సినిమా ‘పథేర్ పాంచాలి’ (1955) మీద మీ వ్యాసం బాగుంది గానీ అంతా అవార్డుల సంగతే, ఆ సినిమా తీయడానికి రే, ఆయన బృందం పడ్డ పాట్ల గురించి ఒక్క ముక్క లేదు. 1952లో రెల్లుపూల మధ్య రైలు సీను సగం తీసి, మిగతాది తీద్దామని వారం తర్వాత వెళ్తే పూలన్నీ పశువులు మేసేశాయి, మళ్లీ పూసేదాకా ఏడాది ఆగాల్సొచ్చింది! డబ్బుల్లేక సత్యజిత్ రే భార్య నగలు కూడా తాకట్టు పెట్టారు. చివరికి పశ్చిమ బెంగాల్ ప్రభుత్వం ఆదుకుంది. ఈలోగా అందులో నటిస్తున్న పిల్లలు ఎదిగిపోతారేమో, ముసలమ్మ పాత్ర వేస్తున్న ఎనభై ఏళ్ల చునీబాలా దేవికి ఏమైనా అవుతుందేమోనని ఎంత టెన్షన్! కెమెరామన్ సుబ్రత మిత్రా అయితే అంతకుముందు సినిమా కెమెరా పట్టిందే లేదు. దయచేసి ఆయన మీద ఒక మంచి వ్యాసం వేయండి.

– ఒక పాఠకుడు, విజయనగరం