బుజ్జిగాని ఊపిరి లెక్క

నల్లగొండ,
డిసెంబరు 2

బిడ్డా స్వాతీ,

నిన్న ఫోన్ల "బుజ్జిగానికి సర్ది పట్టింది గనీ జరం లేదమ్మా, ఒళ్ళు చల్లగనే ఉంది, భయం లేదు" అన్నవు. అప్పటిసంది నా మనసు నిలుస్తలేదు. జరం లేదు కాబట్టి భయం లేదన్న లెక్క నిమ్ము దగ్గర పనికిరాదు. ఒళ్ళు కాలుతున్నా పిల్లగాడు నవ్వుకుంట పాలు తాగుతుంటే, ఊపిరి మామూలుగ ఉంటే, తెల్లారేదాక ఇంట్ల చూసుకోవచ్చు. ఒళ్ళు చల్లగ ఉండి ఊపిరి ఉరుకుతుంటే మాత్రం తెల్లారేదాక ఆగొద్దు. ఫోన్ల చెప్తే సగం మర్చిపోతవని కాయితం మీద రాస్తున్న. మీ అత్తమ్మకు, అల్లునికి సుత చదివి వినిపియ్యి.

డాక్టర్లు న్యుమోనియా అనేది, మనం నిమ్ము చేరింది అనేది ఒక్కటే. ఊపిరితిత్తుల చివర్ల ద్రాక్షగుత్తి లెక్క సన్నసన్న గాలి తిత్తులుంటయి. గాలిల ఉన్న ప్రాణవాయువు అక్కడి నుంచే నెత్తుట్లకు పోతది. క్రిములు చేరినయంటే ఆ తిత్తుల్ల నీరు, చీము నిండుతది. ఒక్కో ఊపిరికి అందాల్సినంత గాలి అందదు కాబట్టి పిల్లగాడు ఎక్కువసార్లు పీలుస్తడు. నీరు నిండిన తిత్తి బిరుసెక్కి సాగదు, దాన్ని సాగదీసెతందుకు బలమంతా పెట్టి గుంజుతడు, పక్కటెముకల కింద లోపలికి గుంత పడుతది. పక్కలెగరేస్తుండు అని మన పెద్దోళ్ళు అనేది దీన్నే. వాళ్ళు చూసింది సరైన గుర్తే. గొట్టం పెట్టి వినే డాక్టరు లేని ఊర్ల సుత తల్లి కండ్లతోటే నిమ్మును పట్టొచ్చు.

లెక్క ఎట్ల పెట్టాల్నో చెప్త. ఏడుస్తున్నప్పుడు, పాలు తాగుతున్నప్పుడు లెక్కపెడితే తప్పు వస్తది. వాడు నిద్రపోతున్నప్పుడో, నీ ఒళ్ళె నిమ్మళంగ ఉన్నప్పుడో చూడాలె. స్వెట్టరు, అంగీ మెల్లగ పైకి జరిపి బొడ్డు నుంచి రొమ్ము దాక కనపడేటట్టు చెయ్యి. ట్యూబులైటు కిందనో, తలుపు దగ్గర వెలుతురుకో పండవెట్టు. కడుపు ఒకసారి లేచి దిగితే ఒకటి. సెకండ్ల ముల్లున్న గడియారమో, ఫోన్ల టైమరో పెట్టుకొని నిండా ఒక నిమిషం లెక్కపెట్టు. 15 సెకండ్లు చూసి నాలుగు పెట్టి గుణించొద్దు. పసిపిల్లల ఊపిరి ఒక తీరుగ నడవదు, జరసేపు ఉరుకుతది, జరసేపు ఆగినట్టుంటది. పావు నిమిషం చూస్తే మోసపోతవు.

రెండు నెలల లోపు పిల్లలకు నిమిషానికి 60, అంతకెక్కువ వస్తే వేగం. రెండు నెలలు నిండినోళ్ళకు ఏడాది నిండేదాక 50. ఏడాది నుంచి ఐదేండ్ల దాక 40. మీ బుజ్జిగానికి ఎనిమిది నెలలు కాబట్టి వాని గీత 50. మీ ఆడబిడ్డ కూతురుకు మూడేండ్లు, ఆమెకు 40 వస్తెనే తీస్కపోవాలె, 50 దాక ఆగొద్దని చెప్పు. జరం ఉంటే ఊపిరి జర పెరుగుతది, అందుకని జరం దిగినంక ఇంకోసారి చూడు. అప్పుడు సుత 50 తగ్గకుంటే ఆ రోజే దవాఖానకు పోవాలె.

లెక్క అయినంక అంగీ దించకముందే రొమ్ము కింది భాగం చూడు. మంచిగున్న పిల్లగాడు ఊపిరి పీలిస్తే రొమ్ము, కడుపు రెండూ పైకి లేస్తయి. నిమ్ము ముదిరితే కడుపు లేస్తది, ఆఖరి పక్కటెముక కింద మాత్రం వేలు పెట్టి వత్తినట్టు లోపలికి పోతది. పీల్చిన ప్రతిసారీ అట్లనే పోతుంటే ఇగ లెక్కతోటి పనిలేదు, బయలుదేరాలె. ముక్కు మూసుకపోయినా ఒక్కోసారి పక్కలు గుంజినట్టు కనపడుతది. అట్ల అనుమానమొస్తే మందుల దుకాణంల దొరికే ఉప్పునీటి చుక్కలు రెండు ముక్కుల్ల ఒక్కో చుక్క ఏసి, మెత్తటి గుడ్డతోటి తుడిచి, మళ్ళ చూడు. ముక్కు సాఫైనా గుంత పడుతుంటే అది రొమ్ముల సంగతే.

ఇప్పుడు చెప్పేటియి అర్ధరాత్రయినా 108కు ఫోన్ చెయ్యాల్సిన గుర్తులు. చన్ను పట్టకుంటే, ఒక గుటక సుత మింగకుంటే. తాగిందంతా కక్కుతుంటే. ఫిట్స్ వస్తే. పిలిచినా, అరికాలు గిల్లినా సోయి లేనట్టు పడి ఉంటే. ప్రతి ఊపిరికి మూలిగితే, ముక్కుపుటాలు ఎగరేస్తే, తల ఊపిరితోపాటు ఊగుతుంటే. ఏడుపు లేకున్నా పీల్చినప్పుడు గొంతుల గరగర శబ్దం వస్తే. నాలుక, పెదవుల లోపలి భాగం నీలంగ మారితే. నలుపు మేని పిల్లలకు గోర్లు చూస్తే తెల్వదు, నాలుకనే చూడాలె. రెండు నెలల లోపు పసికందుకైతే వేగంగ ఊపిరి పీల్చుడు, జరం, ఒళ్ళు సల్లబడుడు, పాలు తగ్గించుడు, వీటిల ఏ ఒక్కటున్నా పెద్ద దవాఖానే. వాళ్ళను ఇంట్ల పెట్టుకొని మందులిచ్చే మాటే లేదు.

బండి వచ్చేదాక పిల్లగాన్ని నీ రొమ్ముకు ఆనించి తల పైకుండేటట్టు పట్టుకో, వెచ్చగ చుట్టు, ముఖం మీద మాత్రం గుడ్డ కప్పొద్దు. తాగగలిగితే చన్ను ఇస్తనే ఉండు. తాగలేనోనికి చెంచతోటి నీళ్ళు పొయ్యొద్దు, అవి ఊపిరితిత్తుల్లకు పోవచ్చు. టీకాల కార్డు, అప్పటిదాక ఇచ్చిన మందుల చిట్టీలు, సీసాలు సంచిల ఏసుకో. దేవరకొండ ఏరియా దవాఖానల చూసి, అవసరమైతే నల్లగొండకు పంపిస్తరు. పంపిస్తే బతిమిలాడి ఆగొద్దు, వెంటనే రా. నెత్తుట్ల ప్రాణవాయువు 90 శాతం కంటె తక్కువుంటే ఆక్సిజనే మందు, అది ఇంట్ల ఇచ్చేది కాదు. అల్లుడు వేలికి పెట్టుకొని ఆక్సిజన్ చూసుకునే మిషన్ పసివాని వేలికి సరిగ్గ కూసోదు, దాని నంబరు చూసి ధైర్యం తెచ్చుకోవద్దు.

పక్కలు ఎగరకుండ, ఉరికే ఊపిరి ఒక్కటే ఉంటే డాక్టరు చూసి మామూలుగ అమాక్సిసిలిన్ రాస్తరు. నీళ్ళల్ల కరిగే 250 మిల్లీగ్రాముల గోలీ ప్రభుత్వ దవాఖానల ఉంటది. నాలుగు నుంచి పది కిలోల లోపు పిల్లలకు పూటకు ఒక గోలీ, పొద్దున ఒకటి, రాత్రి ఒకటి, ఐదు రోజులు. బుజ్జిగాడు 8 కిలోలు కాబట్టి ఆ లెక్కలకే వస్తడు. శుభ్రమైన చెంచల గోలీ ఏసి, పిండిన నీ పాలో, కాచి చల్లార్చిన నీళ్ళో ఒక చెంచ పోసి, మెత్తగ కరిగేదాక ఆగు. తాపినంక చెంచ అడుగున తెల్లటి పొడి మిగులుతది, అండ్ల సుత మందు ఉంటది. ఇంకిన్ని పాలు పోసి అది సుత తాపాలె. అరగంట లోపు కక్కితే మళ్ళ అదే మోతాదు ఇవ్వాలె. మందు మొదలుపెట్టిన రెండు రోజులకు ఊపిరి తప్పక లెక్కపెట్టు. తగ్గుతుంటే మందు పనిచేస్తున్నట్టు. తగ్గకున్నా, పక్కలు ఎగరేసుడు మొదలైనా ఐదు రోజులు నిండేదాక చూడొద్దు, మళ్ళ పో. ఇంకోటి, మూడో రోజు వాడు ఆడుకుంటుండని మందు ఆపొద్దు. మిగిలిన గోలీలు దాచి వచ్చే సర్దికి వాడుడు సుత తప్పే. సర్ది, చానమట్టుకు దగ్గు వైరస్‌లతోటి వచ్చేటియి, వాటి మీద ఈ గోలీ పనిచెయ్యదు. మీ ఊరి ఆశమ్మకు (ఆశా కార్యకర్తకు) ఈ గుర్తులు తెలుసు, దవాఖానకు పంపే ముందు మొదటి మోతాదు ఆమె ఇవ్వొచ్చు. నవంబరు 12 నుంచి ఫిబ్రవరి దాక 'సాన్స్' అనే సర్కారు కార్యక్రమం కింద ఇదే పని మీద ఇంటింటికి తిరుగుతరు. వచ్చినప్పుడు పిల్లగాన్ని పండవెట్టి చూపియ్యి.

ఊపిరి వదిలేటప్పుడు పిల్లికూతలొస్తే అది వేరే లెక్క, గొట్టాలు ఇరుకైనయన్నట్టు. దానికి పొగమందు (నెబ్యులైజర్) పెడతరు. నిమ్ముకు పొగమందు మందు కాదు. "మొన్న పెట్టిస్తే తగ్గింది" అని ఊర్ల సూదులేసేటాయన దగ్గరికి పోయి పొగ పట్టిచ్చుకొని రావొద్దు. ఒక సూదితోటి జరం దిగి పిల్లగాడు హుషారైనట్టు కనపడుతడు, లోపల చీము అట్లనే ఉంటది. విలువైన రెండు రోజులు అట్లనే పోతయి.

జరం మందు దగ్గర జర నిదానంగ చదువు. పారాసెటమాల్ మూడు తీర్లుగ దొరుకుతది. చుక్కల మందుల ఒక మిల్లీలీటరుకు 100 మిల్లీగ్రాములు. ఒక సిరపుల 5 మిల్లీలీటర్లకు 125. ఇంకో సిరపుల అదే 5 మిల్లీలీటర్లకు 250. ఎనిమిది కిలోల బుజ్జిగానికి పూటకు 100 మిల్లీగ్రాములు సరిపోతది. అంటే చుక్కల మందైతే 1 మిల్లీలీటరు, 125 సిరపైతే 4, 250 సిరపైతే 2. 'నాలుగు పొయ్యి' అన్న మాట గుర్తుపెట్టుకొని చుక్కల మందు నాలుగు పోస్తే నాలుగింతల మందు పోయినట్టు, అట్లనే పోస్తపోతే కాలేయం పాడైతది. సీసా మీద నంబరు చదివే పోయాలె, సీసతోటి వచ్చిన గొట్టంతోటే కొలవాలె. ఆరు గంటలకొకసారి, రోజుకు నాలుగుసార్లు దాటొద్దు.

దగ్గు మందు వద్దే వద్దు. 2025 సెప్టెంబరు, అక్టోబరు నెలలల్ల మధ్యప్రదేశ్‌ల చింద్వాడ పక్క పిల్లలు దగ్గు సిరప్ తాగి మూత్రపిండాలు పాడై చచ్చిపోయిండ్రు, ఆ మందుల డైఇథిలీన్ గ్లైకాల్ అన్న విషం దొరికింది. రెండేండ్ల లోపు పిల్లలకు దగ్గు మందులు ఇవ్వొద్దని కేంద్ర ప్రభుత్వమే చెప్పింది. విషం లేని మందు సుత ఈ వయసుల మేలు చెయ్యదు, మత్తు చేసి దగ్గును ఆపుతది. దగ్గేది లోపలి తెమడను బయటికి తోసుడే. ఏడాది లోపల తేనె నాకిచ్చుడు సుత వద్దు, దాంతోటి నరాలు చచ్చుబడే జబ్బు వస్తది.

మీ అత్తమ్మ చేసేటిది అంతా ప్రేమతోటే, నాకు తెలుసు. ఆమెతోటి కొట్లాడకు, కూసోబెట్టి చెప్పు. తానం పోసేటప్పుడు ముక్కుల్ల నూనె చుక్కలేసుడు, నోట్లె వేలుపెట్టి తెమడ తీసుడు, ముక్కుల్లకు ఊదుడు ఆపాలె. నూనె ఊపిరితిత్తుల్లకు దిగితే అదే ఒక తీరు నిమ్ము చేస్తది, ఏ గోలీతోటీ అది కరగదు. కర్పూరం కలిసిన బామ్ ముక్కుకు, రొమ్ముకు రాయొద్దు. తానమైనంక సాంబ్రాణి పొగ పట్టిచ్చుడు, మంచం కింద నిప్పుల కుంపటి పెట్టుడు నువ్వు పురుటి నుంచి వచ్చినప్పుడు చూసినవు గదా. పిల్లగానికి వెచ్చదనం కావాలె, పొగ వద్దు. తల్లి ఒంటికి అతుక్కొని పండుకుంటే ఆ వెచ్చదనమే చాలు. పొట్ట మీద వాతలు పెట్టేటోళ్ళు ఇప్పటికీ ఉన్నరు, వాళ్ళ గడప తొక్కొద్దు.

గ్యాసున్నా తానం నీళ్ళు కట్టెల పొయ్యి మీదనే కాగపెడుతరు గదా, ఆ పొయ్యి చూరు కిందికి కాదు, వాకిలి అవతలికి మార్చు. పొగ సన్నగొట్టాలల్ల వెంట్రుకల లెక్క ఉండే తుడుపును చంపుతది, తెమడ పైకి రాదు. అల్లుడు బీడి బయట తాగొచ్చినా అంగీ మార్చి, చేతులు కడిగి ఎత్తుకోమను. ఈ నెల పత్తి ముందటర్ర నిండా పోసిండ్రని చెప్పినవు. ఆ అర్రల వాన్ని పండవెట్టకు, పత్తి ఎత్తేటప్పుడు అసలే వద్దు.

టీకాల సంగతి. 6, 10, 14 వారాలకు ఏసిన పెంటావాలెంట్‌ల హిబ్ అనే క్రిమికి, కోరింతదగ్గుకు కాపుదల ఉంది. నిమోకోకస్ అనే పెద్ద దొంగకు పీసీవీ. 2021 నుంచి దేశమంతా ప్రభుత్వ టీకాలల్ల అది ఉచితం, ప్రైవేటుల వేలు అడుగుతరు. 6, 14 వారాలవి వానికి పడ్డయి, తొమ్మిది నెలలు నిండంగనే మూడోది పడాలె. అదే రోజు తట్టు టీకా, విటమిన్ ఏ మందు 1 మిల్లీలీటరు. తట్టు వచ్చి పోయినంక చానమంది పిల్లలకు నిమ్ము చేరుతది, ఆ సూది తప్పొద్దు. సర్ది, చిన్న జరం ఉన్నా టీకా ఏసుకోవచ్చు, 'దగ్గు తగ్గినంక పోదాం' అని వాయిదా వెయ్యకు.

చనుపాలు రెండేండ్ల దాక ఇయ్యి. జబ్బులో కొద్దికొద్దిగ, ఎక్కువసార్లు. అంగన్‌వాడి ఇచ్చే బాలామృతం 2.5 కిలోల ప్యాకెట్ వాని పేరు మీదిది, వానికే పెట్టు. సన్నబడ్డ పిల్లల మీద నిమ్ము ముందు పడుతది.

ఇంకో మాట. యాసంగి పల్లికాయ తెంపే రోజులకు వాడు పాకుకుంట, నిలబడుకుంట ఉంటడు. పల్లీ గింజ, శనగ గింజ వాని చేతికి చిక్కనియ్యకు. నవ్వుకుంటనో ఏడ్సుకుంటనో నోట్లె ఏసుకుంటే గాలిగొట్టంల ఇరుకుతది. ఒక్కసారి ఉక్కిరిబిక్కిరై దగ్గి, మళ్ళ మామూలైనట్టుంటడు. వారం రోజులకు ఒకే పక్క నిమ్ము చేరుతది, మందుకు తగ్గినట్టే తగ్గి మళ్ళ వస్తది. అట్లయితే 'పల్లీ తిన్నడు, అప్పుడు ఉక్కిరిబిక్కిరైండు' అన్న మాట డాక్టరుకు తప్పక చెప్పు. ఎక్స్‌రేల గింజ కనపడదు, నీ మాటతోటే పట్టుకుంటరు.

ఈ రాత్రి పాలు తాగి పండుకున్నంక ఒక నిమిషం లెక్కపెట్టు. మంచిగున్నప్పుడు వాని నంబరు ఎంతో తెలిసుండాలె, జబ్బు చేసినప్పుడు పోల్చుకునేతందుకు. కార్డు వెనక పెన్సిల్‌తోటి తారీఖు ఏసి రాయి, నాకు సుత పంపు. 50 వచ్చినా, అంతకు దాటినా, నీకే అనుమానమొచ్చినా, ఎంత రాత్రయినా ఫోన్ చెయ్యి.

మీ అమ్మ