మీరు పంపిన హోటల్ సముద్రంలో ఉంది

సంపాదకులు గారికి,

నమస్కారం. మీ ఆదివారం అనుబంధంలో హాంకాంగ్‌లో డిమ్ సమ్, అంటే టీతో పాటు తినే కుడుముల్లాంటి చిన్న చిన్న వంటకాలు, పెట్టే హోటళ్ళ మీద రెండు పేజీల వ్యాసం వచ్చి మూడు వారాలు దాటింది. ఇంత ఆలస్యంగా రాయడానికి కారణం ఉంది. ఆ వ్యాసం వచ్చినప్పుడు నేను చూడలేదు. మా ఆడపడుచు దాన్ని కత్తిరించి, ప్లాస్టిక్ కవర్లో పెట్టుకుని, భర్తతో, అత్తగారితో అమలాపురం నుంచి హాంకాంగ్‌లో మా ఇంట్లో దిగింది. వాళ్ళని ఊరంతా తిప్పి, విమానం ఎక్కించి, పక్కబట్టలు ఉతుక్కుని ఇప్పటికి కలం పట్టాను.

పందొమ్మిదేళ్ళుగా ఈ ఊళ్ళో ఉంటున్నాను. మీ జాబితాలో మొట్టమొదటి పేరు జంబో. ఎబర్డీన్ రేవులో నీళ్ళ మీద తేలే రాజమహల్ లాంటి హోటల్. "సాయంత్రం పూట పడవలో అక్కడికి చేరుకుంటే ఆ అనుభూతే వేరు" అని రాశారు మీ రచయిత. నిజమే, వేరుగానే ఉంటుంది. 1976లో తెరిచిన ఆ హోటల్ కోవిడ్ దెబ్బకి 2020 మార్చిలో మూతబడింది. 2022 జూన్‌లో దాన్ని రేవులోంచి లాక్కుపోతుంటే దక్షిణ చైనా సముద్రంలో, పారాసెల్ దీవుల దగ్గర బోల్తా పడింది. అక్కడ లోతు వెయ్యి మీటర్ల పైమాటే, బయటికి తీయడం మా వల్ల కాదని యజమానులే చెప్పారు. ఆ తర్వాత "బోల్తా పడిందన్నాం గానీ మునిగిందని మేం అనలేదే" అని ఇంకో వివరణ కూడా ఇచ్చారు. మాటలు తిప్పడంలో ఏ దేశం వాళ్ళూ మనకి తీసిపోరు లెండి. ప్రపంచంలో పేపర్లన్నీ ఈ వార్త వేశాయి. మీరూ వేసే ఉంటారు. మీ అనుబంధం వాళ్ళు మీ పేపరు చదవరా?

మావాళ్ళు జంబోకి బయల్దేరిన సాయంత్రం నాకు ఆఫీసు. వాళ్ళే టాక్సీ కట్టించుకుని వెళ్ళారు. ఏడింటికి ఫోను. "వదినా, రేవు దగ్గరే ఉన్నాం. హోటల్ ఎటు వైపు? ఇక్కడ అంతా నీళ్ళే కనబడుతున్నాయి." ఏం చెప్పమంటారు? పడవ నడిపే ముసలామెకి మీ కత్తిరింపులోని బొమ్మ చూపిస్తే చెయ్యి బోర్లా తిప్పి చూపించి పకపకా నవ్విందట. అన్నయ్యగారు, అంటే మా ఆడపడుచు భర్త, పేపర్లో పడింది కాబట్టి నిజమే అయ్యుంటుందని ఇంకో అరగంట అటూ ఇటూ నడిచారు. మీ మీద ఆయనకున్న నమ్మకం అలాంటిది.

ఇక రెండో పేరు. "ప్రపంచంలోనే అతి చవకైన మిషెలిన్ స్టార్ హోటల్, మాంగ్‌కాక్ సందులో" అని రాశారు. టిమ్ హో వాన్ సంగతి. మిషెలిన్ అంటే మంచి హోటళ్ళకి స్టార్లిచ్చే ఫ్రెంచి గైడు. 2009లో ఇరవై మంది పట్టే చిన్న కొట్టుగా పెట్టారు, ఏడాది తిరక్కుండానే స్టార్ వచ్చింది, జనం గంటలకొద్దీ నిలబడ్డారు, అంతా నిజమే. కానీ ఆ సందులో ఆ కొట్టు ఎత్తేసి ఏళ్ళు గడిచాయి. ఇప్పుడది దేశదేశాల్లో బ్రాంచీలున్న కంపెనీ, ఫిలిప్పీన్స్‌కి చెందిన జాలీబీ అనే ఫాస్ట్‌ఫుడ్ కంపెనీ చేతిలో ఉంది. తిండి బాగానే ఉంటుంది, కాదనను. కానీ మా అన్నయ్యగారు మాంగ్‌కాక్‌లో వెతికింది ఆ పాత కొట్టు కోసం.

ఫొటో సంగతి వదిలేద్దామనుకున్నాను, మనసొప్పడం లేదు. మీరు అర పేజీ వేసిన ఆ రంగుల బొమ్మలో ఉన్నవి మోమోలు. పక్కన ఎర్ర చట్నీ కూడా ఉంది! రేపు పూతరేకుల మీద వ్యాసం రాసి కాజాల బొమ్మ వేస్తే ఆత్రేయపురం వాళ్ళు ఊరుకుంటారా? హార్ గావ్ అనే రొయ్య కుడుముకి గోధుమల నుంచి తీసిన స్టార్చ్‌తో పొర చేస్తారు. ఉడికాక లోపలి రొయ్య గులాబీ రంగులో పైకి కనిపించాలి. చాప్‌స్టిక్‌లతో ఎత్తితే చిరగకూడదు, అడుగున కాగితానికి అంటుకోకూడదు. మంచి డిమ్ సమ్ హోటలో కాదో ఆ ఒక్క కుడుము చెప్పేస్తుంది. మైదా మోమోకీ దానికీ పోలిక ఆవిరి పట్టడం ఒక్కటే. ఆ లెక్కన ఇడ్లీ కూడా డిమ్ సమ్మే.

అసలు కోపం తెప్పించింది "శాకాహారులకు పండగే" అన్న వాక్యం. ఎవరు చెప్పారండీ మీకు? ముల్లంగి కేకు శాకాహారమని రాశారు. ముల్లంగి తురుము, బియ్యప్పిండి కలిపి ఆవిరి పట్టి, ముక్కలు కోసి పెనం మీద కాలుస్తారు, అంతవరకూ నిజం. దాన్లో ఎండురొయ్యలు, పంది మాంసపు సాసేజ్ ముక్కలు వేస్తారని ఎవరు రాస్తారు? మా ఆడపడుచు అత్తగారికి డెబ్బై రెండేళ్ళు, ఉల్లిపాయ కూడా ముట్టరు. ఆవిడ చెంచాతో ముక్క తీసుకుని నోటి దాకా తెచ్చారు. నేను పక్కన ఉండబట్టి చెయ్యి పట్టుకున్నాను. "పేపర్లో రాశారు కదమ్మా" అన్నారు. పోనీ మామిడి పుడ్డింగ్ తినండి అని అన్నయ్యగారు. అందులో జెలటిన్, జంతువుల ఎముకలూ చర్మం నుంచి తీసేది. తామరాకులో చుట్టిన జిగురు అన్నం వాసన మా కోనసీమ పొట్టిక్కల్ని గుర్తు చేస్తుంది గానీ దాని కడుపులో కోడి. ఆఖరికి ఆవిడ మూడు కప్పుల టీ తాగి, బ్యాగులోంచి అరటిపండు తీసుకుని తిన్నారు. మర్నాడు డైమండ్ హిల్‌లోని నాన్ లియాన్ తోటకి తీసుకెళ్ళాను. అక్కడ జలపాతం వెనక బౌద్ధ సన్యాసినుల మఠం వాళ్ళ శాకాహార భోజనశాల ఉంది. ఆవిడ హాంకాంగ్‌లో కడుపు నిండా తిన్నది అక్కడొక్కచోటే. మీ రెండు పేజీల్లో దానికి ఒక్క లైను లేదు.

ఇంకోటి. డిమ్ సమ్‌ని డిన్నర్‌కి తినమన్నారు. ఇక్కడివాళ్ళు డిమ్ సమ్‌కి వెళ్దామనరు, "యమ్ చా"కి వెళ్దామంటారు. అంటే టీ తాగడానికి. అది పొద్దుటి పని, మహా అయితే మధ్యాహ్నం దాకా. రోజంతా వండే చిన్న కొట్లు ఇప్పుడు వచ్చాయి గానీ పాతకాలపు టీ హౌసుల్లో సాయంత్రానికి డిమ్ సమ్ ఆవిరి పట్టే వెదురు గంపలే కనబడవు. 1933 నుంచి నడుస్తున్న లుక్ యూ టీ హౌస్ పేరు మీరు చెప్పారు, సంతోషం. రాత్రి ఎనిమిదింటికి వెళ్ళమన్నారు, అది ఏడుపు.

మంచి చోటు ఎలా వెతకాలో మీ వ్యాసంలో ఎక్కడా లేదు కాబట్టి నేనే చెప్తాను. నాథన్ రోడ్డు మీద ఇంగ్లీషు బొమ్మల మెనూ పట్టుకుని పిలిచేవాళ్ళని దాటుకుని వెళ్ళిపోండి. సర్కారు వారి హౌసింగ్ కాలనీల్లో మార్కెట్ మీద రెండో అంతస్తో మూడో అంతస్తో ఎక్కండి. పొద్దున్న తొమ్మిదింటికి తాతలు పేపరు పరుచుకుని, ఒక టీ కూజా, రెండు గంపలతో రెండు గంటలు కూర్చున్నారంటే అదే మంచి హోటల్. వాళ్ళు చేసే పనే చేయండి: వేడి టీతో కప్పులు కడుక్కోవడం, టీ అయిపోతే మళ్ళీ నింపమన్నట్టు కూజా మూత తీసి పెట్టడం, ఎవరైనా పోస్తే థాంక్స్ అన్నట్టు రెండు వేళ్ళతో బల్ల మీద తట్టడం. టీకి తలకింత అని విడిగా బిల్లు వేస్తారు, పైన పది శాతం సర్వీసు చార్జి. ఇది మోసమని మా అన్నయ్యగారు గొడవకి దిగారు. మీరు ఒక్క ముక్క రాసి ఉంటే ఆ సీను తప్పేది. తోపుడు బండ్ల మీద గంపలు తెచ్చే చోట్లు తగ్గిపోయాయి. సిటీ హాల్లోని మాక్సిమ్స్ ప్యాలెస్‌లో మాత్రం ఇంకా తిప్పుతున్నారు. చాలా హోటళ్ళు సరిహద్దు అవతలి ఫ్యాక్టరీల్లో గడ్డకట్టించినవి తెప్పించి ఆవిరి పట్టి ఇస్తున్నాయి. స్థానికులేమో శని ఆదివారాలు రైలెక్కి చవగ్గా తినడానికి పక్కనే ఉన్న చైనా నగరం షెంజెన్ పోతున్నారు. వార్త అంటే ఇదీ.

ఇక్కడి అధికారులూ తక్కువ తినలేదు. 2023లో యాత్రికుల కోసం అయిదు లక్షల విమాన టికెట్లు ఉచితమన్నారు. 2024లో టూరిస్టులతో మర్యాదగా ఉండండి, నవ్వుతూ పలకరించండి అని జనానికి ప్రచారం మొదలెట్టారు. తోపుడు బండ్లు ఎందుకు మాయమవుతున్నాయో, హోటళ్ళు ఎందుకు మూతబడుతున్నాయో అడిగితే మాత్రం నవ్వు ఉండదు. మన దగ్గర టూరిజం బోర్డుల మీద తప్పుల తెలుగు చూసి ఇక్కడికి వస్తే ఇదీ వరస.

వీసా గురించి కూడా "టికెట్ కొని ఎక్కేయడమే" అని రాశారు. వీసా అక్కర్లేదు, నిజం. కానీ 2017 జనవరి నుంచి మన పాస్‌పోర్టు వాళ్ళు బయల్దేరే ముందే ఆన్‌లైన్‌లో పేరు నమోదు చేసుకోవాలి. నేను ఫోన్‌లో అడగబట్టి సరిపోయింది, లేకపోతే ముగ్గురూ శంషాబాద్ నుంచే వెనక్కి వెళ్ళేవాళ్ళు.

మా నాన్నగారు మీ పేపరు ముప్ఫై ఏళ్ళు తెప్పించారు. ఊరి పేరులో ఒక అక్షరం తప్పు పడినా మర్నాడు సవరణ వేసేవారు అప్పట్లో. ఇప్పుడు "తప్పక తినాల్సిన పది", "చచ్చేలోగా చూడాల్సిన ఇరవై" అని జాబితాలే జాబితాలు. ఎక్కడో ఎప్పుడో ఇంగ్లీషులో వచ్చినదాన్ని తెచ్చి, తేదీ చూడకుండా, ఫోను ఎత్తి ఒక్కసారి అడగకుండా తెలుగులోకి దింపేయడం. ఆ రచయిత హాంకాంగ్ వచ్చారని నేను నమ్మను. వచ్చి ఉంటే ఏ గంపలో ఏం తిన్నారో చెప్పమనండి.

సవరణ వేయండి. మూలన పల్లీ గింజంత అక్షరాల్లో కాదు, వ్యాసం వేసిన చోటే, అంత సైజులోనే. దసరా సెలవులు వస్తున్నాయి, ఇంకెంతమంది ఆ కాగితం పట్టుకుని ఎబర్డీన్ రేవులో నిలబడతారో. మా ఆడపడుచు వదిలిపెట్టి వెళ్ళిన కత్తిరింపుని ఈ ఉత్తరంతో పాటు పంపుతున్నాను. జంబో బొమ్మ మీద ఉన్న నల్లమరక సోయా సాస్‌ది.

ఇట్లు,
మీ పాత పాఠకురాలు,
హాంకాంగ్