కన్ను తెరిచిన పెట్టె

ప్రియ మిత్రమా,

నీ ఉత్తరం వచ్చి ఎన్నాళ్ళయిందో లెక్కపెట్టే ధైర్యం నాకు లేదు. ఆలస్యానికి ముందుగానే క్షమాపణ చెప్పుకుంటున్నాను. జవాబు రెండుసార్లు మొదలుపెట్టి రెండుసార్లూ ఆపేశాను. ఇంట్లో అందరూ క్షేమం, పెద్దవాడి పరీక్షలు అయిపోయాయి, నా మోకాలి నొప్పి యథాతథంగా ఉంది, నువ్వడిగిన పుస్తకం ఇంకా దొరకలేదు. క్షేమ సమాచారాలు ఇంతటితో సమాప్తం. అసలు సంగతి చెప్పకపోతే నాకు నిద్ర పట్టేలా లేదు.

పాత రేడియోలు, టీవీలు సేకరించేవాళ్ళ మేళాకు వెళ్ళాను. ఊరికే చూసి వద్దామనే వెళ్ళాను, ఏమీ కొనకూడదని ఒట్టు కూడా పెట్టుకున్నాను. నా ఒట్ల సంగతి నీకు తెలుసు కనుక, ఇప్పుడు నా బల్ల మీద గాజు గొట్టాలతో నడిచే వాల్వు రేడియో ఒకటి కూర్చుని ఉందని వేరే చెప్పనక్కర్లేదు. అయితే అది నా చేతికి వచ్చిన తీరు మాత్రం నీకు వివరంగా చెప్పి తీరాలి.

హాలులో అడుగుపెట్టగానే ముందు వాసన తగిలింది. పాత చెక్క, దుమ్ము, వేడెక్కిన మైనం, బేకలైటు, వీటన్నిటి మధ్య ఎక్కడో సోల్డరింగ్ పొగ. మనం అటక మీద రేడియో విప్పి చేసిన ఆ ఘనకార్యం, ఆ తొమ్మిదో స్క్రూ ఒక్కసారిగా గుర్తుకొచ్చి నాలో నేనే నవ్వుకుంటే పక్కనున్నవాళ్ళు వింతగా చూశారు. విప్పినవి ఎనిమిది, ఆ ఎనిమిదీ బిగించాక ఇంకా మిగిలింది ఒకటి అంటే ఈ లోకంలో నువ్వు తప్ప ఎవరు నమ్ముతారు?

ఇక్కడ నీకొక చేదువార్త. మన పందెం నేనే గెలిచాను. మొదటి ట్రాన్సిస్టర్ రేడియో జపాన్‌ వాళ్ళదేనని నువ్వు ఇన్నేళ్ళుగా వాదిస్తూ వచ్చావు కదా. అద్దాల పెట్టెలో రీజెన్సీ టీఆర్‌-1 కనిపించింది. అమెరికాలో 1954లో అమ్మకానికి వచ్చింది, నాలుగే ట్రాన్సిస్టర్లు, ఇరవై రెండున్నర వోల్టుల బ్యాటరీ, చొక్కా జేబులో పట్టేంత ఒళ్ళు. సోనీ వాళ్ళ టీఆర్‌-55 వచ్చింది ఆ మరుసటి ఏడు, 1955లో. నువ్వు పందెం కాసిన చెప్పులు ఎప్పుడు పంపుతావో రాయి, పందెం పందెమే.

టీవీల వైపు ఎక్కువసేపు నిలబడలేదు. తొమ్మిదంగుళాల తెర ముందు నూనె నింపిన పెద్ద భూతద్దాన్ని తగిలించిన సెట్టు ఒకటి, పిక్చర్ ట్యూబును పెట్టె నుంచి వేరుచేసి మెడలా తిప్పుకొనేలా నిలబెట్టిన 1958 నాటి ఫిల్కో ప్రెడిక్టా ఒకటి చూశాను. బ్రిటన్‌లో 1936లో మొదలైన, బొమ్మను 405 గీతలుగా గీసే టీవీ ప్రసారం 1985లో ఆగిపోయింది కనుక, ఆ కాలపు సెట్టులో బొమ్మ రావాలంటే నేటి సిగ్నల్‌ను వెనక్కి మార్చి ఇచ్చే పెట్టె ఇంకొకటి పక్కన ఉండాలట. ఒక సెట్టు వెనక అట్ట తీసి ఉంటే, నువ్వు పిక్చర్ ట్యూబుకు సాష్టాంగ నమస్కారం చేసిన రోజు గుర్తొచ్చి రెండడుగులు వెనక్కి వేశాను. ప్లగ్గు తీసేశాక కూడా ఆ గాజులో వేల వోల్టులు దాగి ఉంటాయని ఆనాడు మనకు ఎవరూ చెప్పలేదు; నీ మోచెయ్యి చెప్పింది.

సరే, ఇప్పుడు అసలు కథ.

చివరి వరుసలో ఒక బల్ల కింద, ఎవరి కంటా పడకుండా, చెక్క పెట్టె ఒకటి ఉంది. పాలిష్ పొలుసులుగా లేచిపోయింది, స్పీకరు గుడ్డ ఒక మూల చిరిగింది, నాలుగు మరల్లో ఒకటి వేరే జాతిది, వెనక అట్ట అసలే లేదు. అయినా డయలు గాజు మాత్రం చెక్కుచెదరలేదు. మోకాళ్ళ మీద కూర్చుని జేబురుమాలుతో దాన్ని తుడిచాను. దుమ్ము కింద నుంచి ఒక్కొక్క అక్షరమే బయటికొచ్చింది: లక్సెంబర్గ్, బెరోమున్‌స్టర్, హిల్వర్సమ్. మనం ఎక్కాల్లా వల్లించిన స్టేషన్ల పేర్లు, మిత్రమా! హిల్వర్సమ్ అంటే మనుషులు పక్షుల భాష మాట్లాడే దేశమని నువ్వు, కాదు ఓడరేవని నేను, ఎన్ని రోజులు తన్నుకున్నాం? అది నెదర్లాండ్స్‌లో ఒక ఊరని చాలా ఏళ్ళకు తెలిసినప్పుడు నేను ఎంత నిరుత్సాహపడ్డానో నీకు రాశాననుకుంటాను.

బల్ల యజమాని ఎటో వెళ్ళాడు. పక్కనే కరెంటు బోర్డు ఉంది, రేడియో తీగ నా చేతిలో ఉంది. ఇంతకు మించి రాస్తే నాకే సిగ్గు. ప్లగ్గు రంధ్రాల దాకా వెళ్ళిన నా చేతిని వెనక నుంచి ఎవరో గట్టిగా పట్టుకున్నారు. తెల్లటి కనుబొమ్మలున్న ఒక పెద్దాయన. ఆ రేడియో ఆయనదే.

“బాబూ, ఇది కరెంటు మొహం చూసి ఎన్నేళ్ళయిందో మీకు తెలుసా? నాకూ తెలియదు. పస్తున్నవాడికి ఒక్కసారిగా విందు పెడతారా?” అన్నారు.

కోప్పడలేదు, అదే నన్ను ఇంకా కుంగదీసింది. తర్వాత ఆయన నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, పాఠం చెబుతున్నానని చెప్పకుండానే పాఠం చెప్పారు. ముందుగా టార్చి వేసి వాల్వుల మీది అక్షరాలు చదివించారు: ఈసీహెచ్‌81, ఈఎఫ్‌89, ఈబీసీ81, ఈఎల్‌84, ఈజెడ్‌80, ఈఎం80. అన్నీ ‘ఈ’తో మొదలవుతున్నాయి కనుక ఫిలమెంటుకు ఆరు పాయింటు మూడు వోల్టులు, అంటే సాధారణంగా లోపల మెయిన్స్ ట్రాన్స్‌ఫార్మర్ ఉంటుంది, ట్రాన్స్‌ఫార్మర్‌ను కళ్ళతో చూపించాకే చాసిస్‌ను, అంటే లోపలి లోహపు చట్రాన్ని, ముట్టుకోనిచ్చారు. అవే ‘యూ’తో మొదలై ఉంటే ఫిలమెంట్లన్నీ వరుసగా కలిపి ఉంటాయని, చాసిస్‌కే నేరుగా మెయిన్స్ కరెంటు తగిలి ఉండవచ్చని, ముట్టుకున్నవాడి గతి నీ మోచేతి గతే అవుతుందని చెప్పారు. (నీ మోచెయ్యి అన్నది నా మాట. ఆయనకు నీ సంగతి చెప్పాను, చాలాసేపు నవ్వారు.) మనం చిన్నప్పుడు ఎన్ని సెట్లలో చేతులు పెట్టామో, ఎన్నిటి మీద ‘యూ’ ఉందో తలచుకుంటే ఇప్పుడు ఒళ్ళు జలదరిస్తోంది.

తర్వాత స్పీకరును పలికించే ఔట్‌పుట్ వాల్వు ఈఎల్‌84 అడుగున, చుట్టూ మైనం కారి గట్టిపడిన ఒక కాగితం కండెన్సర్‌ను చూపించారు. ముందు వాల్వు ప్లేటు నుంచి ఔట్‌పుట్ వాల్వు గ్రిడ్‌కు పాటను అందించి వోల్టేజీని ఆపవలసిన ద్వారపాలకుడు అది. ముసలితనంలో అది కరెంటును కారనివ్వడం మొదలుపెడితే గ్రిడ్‌కు పాజిటివ్ వోల్టేజీ చేరుతుంది, వాల్వు ఎర్రగా కాలుతుంది, దానితోపాటు ఔట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ కూడా పోతుంది. నేను ప్లగ్గు పెట్టి ఉంటే సరిగ్గా అదే జరిగేదేమో. “కొలిచి చూడరా?” అని అడిగితే, “మైనం కండెన్సర్ అంటేనే అనుమానం, అనుమానాన్ని మళ్ళీ కొలవడమెందుకు?” అంటూ కటింగ్ ప్లయరుతో తుంచేసి, జేబులోంచి కొత్తది తీసి అక్కడే అతికారు. ఆ వయసులో ఆ చెయ్యి ఏమాత్రం వణకలేదు. సోల్డరు చుక్క అద్దంలా మెరుస్తూ ఆగింది.

అప్పుడు మెయిన్స్‌కు, రేడియోకు మధ్య ఒక ఫిలమెంటు బల్బును వరుసలో కలిపారు. లోపల షార్టు ఉంటే బల్బు నిండుగా వెలిగి అలాగే ఉండిపోతుంది, అంతా బాగుంటే ఒకసారి మెరిసి మందగిస్తుంది. స్విచ్చు నన్నే వేయమన్నారు. బల్బు భగ్గుమంది. నా గుండె జారింది. మెల్లగా, ఎవరో ఊదుతున్నట్టుగా, అది ఎర్రటి దారపుపోగంత మిగిలింది. లోపల వాల్వులు ఒక్కొక్కటే నారింజ రంగుకు తిరుగుతున్నాయి. చాలాసేపు అలాగే ఉంచి, తడిమి చూసి, వాసన చూసి, చివరికి బల్బును తీసేసి నేరుగా కరెంటిచ్చారు. స్పీకరులో సన్నని ఝుంకారం మొదలైంది. డయలు వెనక దీపం వెలిగింది. ఆ వెంటనే, స్టేషను ఎంత బాగా అందిందో చూపించే ఈఎం80 వాల్వు విసనకర్రలా ఆకుపచ్చగా కన్ను తెరిచింది.

నేను మర తిప్పాను. హిల్వర్సమ్ దగ్గరికి ముల్లు వచ్చేసరికి ఆకుపచ్చ విసనకర్ర మధ్యలోని చీకటి చీలిక కుంచించుకుపోయింది, గంభీరమైన మగ గొంతు ఒకటి ఏదో పరాయి భాషలో తేటగా మాట్లాడటం మొదలుపెట్టింది. అబద్ధమెందుకు చెప్పాలి, నా కళ్ళు చెమర్చాయి. “హిల్వర్సమ్!” అని గట్టిగానే అరిచాను. నలుగురు పోగయ్యారు. నేను వాళ్ళకు హిల్వర్సమ్ గురించి ఉపన్యాసం కూడా మొదలుపెట్టాను. పెద్దాయన మాత్రం కనుబొమ్మల కింద నుంచి నన్ను చూస్తూ ఏమీ అనలేదు.

ఉపన్యాసం మంచి పట్టులో ఉండగా గొంతు ఠక్కున ఆగిపోయింది. మూడు బల్లల అవతల నుంచి ఒకాయన, “క్షమించాలి, ఫోను ఛార్జింగ్ అయిపోయింది!” అని కేక వేశాడు.

సబ్బుపెట్టెంత బుల్లి ట్రాన్స్‌మిటర్, మిత్రమా! పాత సెట్లలో వినిపించడానికి స్టేషన్లు కరువైపోయాయి కనుక, వీళ్ళు ఫోనులోని పాత రికార్డింగులను అలాంటి దానికి కలిపి మీడియం వేవ్‌లో హాలంతటికీ వినిపిస్తారట. నెదర్లాండ్స్ ప్రజా ప్రసార సంస్థ మీడియం వేవ్‌ను 2015లోనే మూసేసిందని పెద్దాయన అప్పుడు తాపీగా చెప్పారు. ముందే ఎందుకు చెప్పలేదని అడిగితే, “మీరు చాలా ఆనందంగా ఉన్నారు” అన్నారు. పోగైన నలుగురూ పొట్టలు పట్టుకుని నవ్వారు. నువ్వక్కడ లేకపోవడమే మేలు, జీవితాంతం నన్ను వదిలేవాడివి కాదు. అయినా నీకే రాస్తున్నాను చూడు, నా తెలివి ఇలా ఏడ్చింది.

కథ అంతటితో అయిపోతే ఇంత పెద్ద ఉత్తరం రాసేవాణ్ణి కాదు. పొద్దు వాలుతుండగా జనం సర్దుకోవడం మొదలుపెట్టారు. పెద్దాయన రేడియోను గుమ్మం దగ్గరికి మోయించి, పొడవాటి తీగ ఒకటి కిటికీ మీదుగా బయటికి విసిరారు. ట్రాన్స్‌మిటర్ కట్టేయించారు. మా వరుసలోని ఎల్‌ఈడీ దీపాలను, ఛార్జర్లను బతిమాలి ఆర్పించారు. ఒక్కొక్కటి ఆరినకొద్దీ స్పీకరులో గీపెడుతున్న రొద ఒక్కొక్క మెట్టే దిగింది. పగలు ఆకాశంలో ఒక పొర మీడియం వేవ్‌ను మింగేస్తుందని, పొద్దు గూకాక ఆ పొర కరిగిపోయి, దానికి పైనున్న పొర తాకిడికి దూరపు తరంగాలు కిందికి దిగివస్తాయని ఆయన చెబుతూనే మరను వెంట్రుకవాసి చొప్పున కదిపారు.

వచ్చింది. ముందొక సన్నని ఈల, దాని అడుగున ఆడగొంతు. ఏ భాషో తెలియలేదు. దగ్గరికొచ్చింది, అర నిమిషం స్పష్టంగా పలికింది, బావిలోకి దిగినట్టు మెల్లగా లోపలికి వెళ్ళిపోయింది, మళ్ళీ తేలింది. ఆకుపచ్చ విసనకర్ర కూడా దానితోపాటు ఊపిరి తీసినట్టు మూసుకుంటూ విచ్చుకుంటూ ఉంది. “ఇది అసలుది. రికార్డింగు ఇలా మునిగి తేలదు” అన్నారు పెద్దాయన. ముల్లు ఉన్నచోట గాజు మీద ఏ ఊరి పేరూ లేదు. ఈసారి నేను అరవలేదు, ఉపన్యాసమూ ఇవ్వలేదు. ఎంతసేపు నిలబడ్డామో తెలియదు. కాపలావాడు వచ్చి తలుపులు మూయాలన్నాడు.

పెట్టెను తెచ్చుకున్నాను. ఎంతకు అని అడగకు, ఇంట్లోనూ ఎవరికీ చెప్పలేదు. అసలు ఈ ఉత్తరం ఇప్పుడే రాయడానికి కారణం ఇంకొకటుంది. దారిలో కుదుపులకు డయలు తాడు తెగిపోయింది. ముల్లు సరిగ్గా హిల్వర్సమ్ మీద ఆగిపోయి నన్ను వెక్కిరిస్తోంది. రెండు రోజులుగా కొత్త తాడుతో కుస్తీ పడుతున్నాను. నేను బిగిస్తే మర కుడికి తిప్పినప్పుడు ముల్లు ఎడమకు పోతోంది. తాడు చుట్టడంలో నీ చెయ్యే చెయ్యి. డ్రమ్ము మీద రెండు చుట్లా, రెండున్నరా? స్ప్రింగు తాడు చివర పెట్టాలా, లేక మొదట్లోనే

ఇంట్లో దీపాలన్నీ ఆరిపోయాయి, పెద్దాయనలా నేను వరుసలో కలిపిన బల్బు ఏదో చేసినట్టుంది. అరుపులు వినిపిస్తున్నాయి. వెంటనే జవాబు రాయి, వీలైతే నువ్వే రా.

నీ
తొమ్మిదో స్క్రూ