తాతయ్య రేడియో సంగతి

అమ్మలూ,

తాతయ్య రేడియో పలకడం లేదని ఒక్క ముక్క మెసేజ్ పెట్టావు. ఆ తర్వాత ఉలుకూ పలుకూ లేదు. నాకేం టెన్షన్ లేదు, మీ నాన్నే మాటిమాటికీ ఫోన్ తీసి చూసుకుంటున్నారు. నువ్వు ఉద్యోగం మానేశావని పిన్నితో ఎవరో అన్నారట. అది తర్వాత చూద్దాం, ముందు రేడియో.

సెల్స్ పెట్టే చోట స్ప్రింగులకు పచ్చగా చిలుం పట్టిందేమో చూసి, గీకి శుభ్రం చెయ్యి. వాల్యూమ్ తిప్పుతుంటే గరగరమంటే స్విచ్ ఆపి, కాంటాక్ట్ క్లీనర్ స్ప్రే కొట్టి అటూ ఇటూ తిప్పు. తర్వాత సెట్ ఆన్ చేసి, వాల్యూమ్ కంట్రోల్ మధ్య కాలిని స్క్రూడ్రైవర్ మొనతో తాకు. స్పీకర్ బుర్రుమంటే అక్కణ్ణుంచి అంతా బాగున్నట్టే, జబ్బు దానికి ముందు, స్టేషన్ పట్టుకునే భాగంలో ఉంది. ఏది బాగుందో మొదట తేల్చుకోవాలి. ఉద్యోగమైనా అంతే కదా, ఒక్కటి కుదరలేదని మొత్తం వదిలేస్తామా? సరేలే, నేనేం అనలేదు.

ఐ.ఎఫ్. డబ్బాలని, స్టేషన్ సిగ్నల్‌ను వడగట్టే కాయిల్స్ ఉంటాయి. వాటిలో తిప్పి ట్యూన్ చేసే కోర్లు మాత్రం ముట్టుకోకు. పెద్ద మామయ్య కథ నీకు తెలిసిందే, అయినా చెప్తాను. రేడియో కాస్త సన్నగా పలుకుతోందని మామయ్య విప్పాడు. ఆ వెండిరంగు డబ్బాల్లో ఉన్నవి స్క్రూలనుకుని, లూజయ్యాయని అన్నీ బిగించేశాడు. అవి 455 కిలోహెర్ట్జ్ దగ్గర కుదిర్చిన ఫెరైట్ కోర్లు! ఇక సెట్‌లో బుస తప్ప ఏమీ లేదు. తాతయ్య ఒక్క మాట అనలేదు. ఇనుప స్క్రూడ్రైవర్ పెడితే ట్యూనింగే మారిపోతుందని, ప్లాస్టిక్ పుల్ల ఒకటి చెక్కుకుని కూర్చున్నారు. గట్టి స్టేషన్ అయితే, శబ్దాన్ని తనంతట తనే సర్దేసే ఏ.జి.సి. తేడా తెలియనివ్వదు కాబట్టి, లీలగా వినిపించేదాన్ని పట్టుకున్నారు. స్పీకర్ వైపు డబ్బాతో మొదలుపెట్టి, ఒక్కొక్కటీ వెంట్రుకవాసి తిప్పుతూ వెనక్కి వచ్చారు. ఆపైన స్టేషన్లు డయల్ మీది అంకెలకు సరిపోయేలా, కింది చివర ఆసిలేటర్ కాయిల్, పై చివర ట్రిమ్మర్ అనే చిన్న కెపాసిటర్ తిప్పారు. ఒకటి సరిచేస్తే రెండోది తప్పుతుంది, మళ్లీ మొదటికి. తెల్లవార్లూ అదే పని. మామయ్య టార్చి పట్టుకుని నిలబడే నిద్రపోయాడు. కదిపితే ఇప్పటికీ అవి నిజంగానే లూజుగా ఉన్నాయంటాడు.

నీ సెట్‌ది ట్రాన్సిస్టర్ జబ్బేమోనని నా అనుమానం. పాత సెట్లలో వాడిన ఏ.ఎఫ్. 117 అనే ట్రాన్సిస్టర్‌కి లోహపు డబ్బా ఉంటుంది. దాని లోపలి వైపు నుంచి తగరం మీసాల్లా పెరిగి, లోపలి కాళ్లకు తగిలి షార్ట్ అవుతుంది. నాలుగు కాళ్లుంటాయి. వాటిలో ఆ డబ్బాకు కలిపి ఉండే షీల్డ్ కాలు కత్తిరిస్తే చాలాసార్లు మళ్లీ పలుకుతుంది. మార్చాల్సి వస్తే, సోల్డర్ చేసేటప్పుడు కాలిని నోస్ ప్లయర్‌తో పట్టుకో, వేడిని అది లాగేస్తుంది. ట్రాన్సిస్టర్ లోపలి జర్మేనియం వేడికి ఆగదు. కిటికీ తెరువు, ఆ పొగ పీల్చకు. కళ్లజోడు తియ్యకు. అర్ధరాత్రి దాకా వంగి కూర్చోకు, పొద్దున్నే ఆఫీసుకి వెళ్లాలి కదా. ఆఫీసంటూ ఉంటే.

ఆ ట్రాన్సిస్టర్ మీద నంబరు చూసి రాయి. ఉద్యోగం సంగతి కూడా అందులోనే రాసెయ్, విడిగా అక్కర్లేదు.

అమ్మ