చిన్నీకి, నీ కుడికాలి గురించి

చిన్నీ,

ఎదురుగా కూర్చుని చెబితే "ఏం కాలేదమ్మా" అని మధ్యలోనే లేచి వెళ్లిపోతావు. అందుకే రాస్తున్నాను.

నిన్న ఫిగర్ స్కేటింగ్ ప్రాక్టీసు అయ్యాక నీ కుడి స్కేటింగ్ బూటు లేసులు విప్పింది నేనే కదా. పైన రెండు కొక్కేలు దాటేసరికి కళ్లు గట్టిగా మూసుకున్నావు. సాక్సు తీస్తే చీలమండ చుట్టూ వాపు, దాని మీద లేసుల అచ్చు. వేలు ఆనిస్తే కాలు వెనక్కి లాక్కున్నావు. ఎన్నాళ్ల నుంచి అంటే మూడు వారాలన్నావు. మూడు వారాలు! నీలా గాల్లో ఎడమవైపుకి తిరిగేవాళ్లు ఏ జంప్ చేసినా దిగేది కుడికాలి మీదేగా తల్లీ. ఒంటి బరువుకి ఎన్నో రెట్ల భారం ఆ ఒక్క కాలి మీద, అర సెంటీమీటరు వెడల్పు కూడా లేని బ్లేడు మీద పడుతుంది. గాల్లో రెండున్నర చుట్లు తిరిగే ఆ డబుల్ యాక్సెల్ జంప్స్ రోజుకి ఎన్ని చేస్తావో గ్యాలరీలో కూర్చుని మురిసిపోతూ లెక్కపెట్టేదాన్ని. ఇప్పుడా లెక్క తలుచుకుంటే కడుపులో దేవుతోంది.

ఎందుకు చెప్పలేదంటే, "ఇంత ఖర్చు పెట్టారు, ఈ సీజన్ పోతే ఎలా?" అన్నావు. రాత్రంతా నిద్ర పట్టలేదు. ఆ మాట నీ నోట పలికించింది మేమే. ఐసు రింకు ఫీజు, కోచ్ ఫీజు, కొత్త బూట్లు అంటూ నీ ముందే లెక్కలు వేసుకున్నాం. తప్పు మాది. ఆ డబ్బు నువ్వు తీర్చాల్సిన బాకీ కాదు. నాన్న కూడా ఇదే చెప్పమన్నారు.

ఇక వయసు దాటిపోతుందన్న నీ భయం. నీకు పద్నాలుగేళ్లు. సీనియర్ పోటీలకి కనీస వయసు ఇదివరకు 15 ఉండేది. పిల్లల ఒళ్లు, మనసు నలిగిపోతున్నాయనే 2022లో అంతర్జాతీయ స్కేటింగ్ యూనియన్ దాన్ని పెంచాలని నిర్ణయించింది, 2024-25 సీజన్ నుంచి 17 నిండాలి. పెద్దవాళ్లు ఎప్పుడో చేయాల్సిన పని అది. ఇటలీ స్కేటర్ కరోలినా కోస్ట్నర్‌కి ఒలింపిక్ కాంస్యం వచ్చింది 27 ఏళ్లకి, మూడో ఒలింపిక్స్‌లో. అమెరికా స్కేటర్ అలీసా లియూ 16 ఏళ్లకే, 2022లో, ఆట మానేసింది. రెండేళ్ల తర్వాత తిరిగొచ్చి 2025లో ప్రపంచ ఛాంపియన్ అయింది. నువ్వూ అలాగే గెలవాలని కాదు చెప్పడం. ఒక్క సీజన్ ఆగితే అంతా పోయినట్టేనని నీ బుర్రలో పడిపోయింది చూడు, అది తీసెయ్యి.

ఇంకో మాట. నీ జంప్స్ కన్నా, అడుగులు మారుస్తూ ఐసు మీద సాగే నీ స్టెప్ సీక్వెన్స్ అంటేనే నాకు ఇష్టం. మోకాలు వంచి బ్లేడు ఒక అంచు మీంచి ఇంకో అంచు మీదకి మారేటప్పుడు ఐసు మీద సన్నగా గీసినట్టు ఒక చప్పుడు వస్తుంది. రింకులో పదిమంది తిరుగుతున్నా, కళ్లు మూసుకుని అది నువ్వేనని చెప్పగలను. స్కోరు బోర్డు వైపే చూస్తూ ఈ సంగతి నీకెప్పుడూ చెప్పనేలేదు.

కోచ్‌కి ఫోన్ చేసి చెప్పాను. రేపు పొద్దున్నే డాక్టర్ దగ్గరికి వెళ్దాం. ఎముకలో సన్నటి పగులు ఉందేమో చూడాలి. మళ్లీ ఐసు మీదకి ఎప్పుడు వెళ్లాలో డాక్టర్ చెప్తారు. వెళ్లాలో వద్దో మాత్రం నువ్వే చెప్పాలి. ఏం చెప్పినా మాకు సరే.

బ్లేడ్లు తడి లేకుండా తుడిచి గుడ్డ తొడుగులు వేశాను. ప్లాస్టిక్ గార్డుల్లో వదిలేస్తే తుప్పు పడుతుందని నువ్వే నేర్పావుగా. బ్యాగ్ నీ మంచం కింద ఉంది.

అమ్మ