వెనక టైరు మార్చేటప్పుడు బలం వాడకండి

సంపాదకులకు నమస్కారం.

బైకు వెనక టైరు ఇంట్లోనే మార్చుకోవచ్చని పత్రికల వాహన పేజీల్లో తరచు రాస్తుంటారు. మంచి సలహాయే. కానీ ‘లివర్లతో (టైరును రిమ్ము నుంచి ఎత్తే ఇనుప పట్టీలతో) పాత టైరు ఊడదీసి కొత్తది ఎక్కించండి’ అని ఒక్క వాక్యంలో అసలు పనిని దాటేస్తున్నారు. ట్యూబు చిల్లు పడేదీ, రిమ్ముకు గీతలు పడేదీ అక్కడే. ఆ తర్వాత జరిగే తప్పులైతే ప్రాణం మీదికే తెస్తాయి. అందుకే ఈ ఉత్తరం.

రిమ్ము మధ్యలో చుట్టూ లోతుగా ఒక పల్లం ఉంటుంది. టైరు అంచులో, అంటే బీడ్‌లో, ఉక్కు తీగ ఉంటుంది కాబట్టి అది సాగదు. లివరు పెట్టిన చోట బీడ్ రిమ్ము దాటి రావాలంటే సరిగ్గా దానికి ఎదురు వైపున బీడ్ ఆ పల్లంలోకి దిగి ఉండాలి. ఎదురు వైపు మోకాళ్లతో నొక్కిపెట్టి, ఒక్కో పట్టుకు నాలుగైదు సెంటీమీటర్లే తీసుకుంటూ పోతే పని సాఫీగా సాగుతుంది. లివరు బిగుసుకుందంటే ఎదురు వైపు బీడ్ పల్లంలోంచి పైకి వచ్చేసిందన్నమాట. అప్పుడు ఇంకా గట్టిగా లాగకుండా ఆగి, దాన్ని మళ్లీ లోపలికి నొక్కాలి. పొడవాటి లివరు తెచ్చి బలం పెంచితే బీడ్ తెగుతుంది, లేదా రిమ్ము అంచు వంగుతుంది. ట్యూబ్‌లెస్ చక్రానికి ఆ అంచు మీద చిన్న దెబ్బ తగిలినా గాలి కారుతుంది.

జారడానికి సబ్బునీళ్లు చాలు. గ్రీజు, ఇంజన్ ఆయిల్ రబ్బరును పాడుచేస్తాయి. పైగా అవి ఆరవు గనుక బ్రేకు వేసినప్పుడల్లా టైరు రిమ్ము మీద జరుగుతుంది. దాంతోపాటు ట్యూబూ జరిగి వాల్వు మొదట్లో చిరుగుతుంది.

ట్యూబు టైరైతే విప్పడం వాల్వు దగ్గర మొదలుపెట్టాలి, ఎక్కించడం వాల్వు దగ్గరే ముగించాలి. వాల్వు మొదట్లో ట్యూబు మందంగా ఉండి బీడ్‌ను పల్లంలోకి దిగనివ్వదు. ట్యూబు గుండ్రంగా నిలిచేంత గాలి మాత్రమే పట్టించి లోపల పెట్టాలి. చివరి పట్టుకు ముందు వాల్వును లోపలికి నెడితే ట్యూబు బీడ్ కింద నలగదు. టైరు మీది బాణం గుర్తు చక్రం ముందుకు తిరిగే వైపే ఉందో లేదో మొదటే చూసుకోవాలి. అది తిరగబడితే పనంతా మళ్లీ చేయాల్సిందే.

గాలి నింపేటప్పుడు టైరు పక్కగోడ మీది సన్నని గీత రిమ్ముకు చుట్టూ సమాన దూరంలో కనిపించాలి. 40 పీఎస్ఐ దాకా వచ్చినా ఒకచోట లోపలికే ఉంటే గాలి తీసేసి, సబ్బునీళ్లు రాసి మళ్లీ మొదలుపెట్టాలి. ఇంకా ఇంకా కొట్టడం ప్రమాదం. బీడ్ కూర్చునే క్షణంలో వేళ్లు రిమ్ము దగ్గర ఉండకూడదు.

ఇక చక్రం తిరిగి బిగించడం. డ్రమ్ బ్రేకు బళ్లలో బ్రేకు ప్లేటును స్వింగార్మ్‌కు, అంటే వెనక చక్రాన్ని మోసే చట్రానికి, పట్టి ఉంచే కడ్డీ ఒకటుంటుంది. దాని బోల్టు మరిచిపోతే బ్రేకు తొక్కగానే ప్లేటు చక్రంతో పాటు తిరిగి, చక్రం పట్టేస్తుంది. ఈ ఒక్క మాటను మీ పేజీల్లో పెద్ద అక్షరాల్లో వేయాలని నా విన్నపం. ఆ బోల్టు నట్టు ఊడిపోకుండా దూర్చే స్ప్లిట్ పిన్ ప్రతిసారీ కొత్తదే వేయాలి. యాక్సిల్ (చక్రం ఇరుసు) నట్టు బిగించేటప్పుడు పెడల్ తొక్కి ఉంచితే బ్రేకు షూలు డ్రమ్ము మధ్యలో సరిగ్గా కూర్చుంటాయి. డిస్క్ బ్రేకైతే చక్రం బయట ఉన్నంతసేపూ పెడల్ ముట్టకూడదు, ప్యాడ్లు దగ్గరకు వచ్చేసి డిస్క్ దూరదు. బిగించాక మాత్రం పెడల్ గట్టిపడేదాకా తొక్కి చూసుకోకుండా బండి కదపకూడదు.

ఇరుసు మీద చక్రానికి రెండు పక్కలా ఉండే గొట్టాల్లాంటి స్పేసర్ల పొడవు ఎడమకూ కుడికీ వేరుగా ఉండొచ్చు, విప్పేటప్పుడే విడివిడిగా పెట్టుకోవాలి. చైను సర్దే గుర్తులు రెండు పక్కలా సమానంగా రావాలి. చైను వదులు, నట్టు బిగింపు ఆ బండి మాన్యువల్‌లో ఉన్నంతే ఉండాలి. కొత్త టైరు పైపొర నున్నగా ఉంటుంది కాబట్టి మొదటి 150 కిలోమీటర్లు మలుపుల్లో బండిని ఎక్కువ వంచకూడదు, బ్రేకు ఒక్కసారిగా తొక్కకూడదు.

ఇట్లు,
మీ పాఠకుడు